'సొలిసిటేషన్'కు తెలుగు మాట: 'ఆకర్షించడం' వద్దు, 'కోరడం' చాలు

అమెరికాలోని కాలిఫోర్నియా చట్టంలో 'సొలిసిటేషన్' అనే నేరం ఉంది; దానికి తెలుగేమిటని మన బృందంలో అడిగిన సభ్యురాలికి నా జవాబు ఇది. అక్కడి శిక్షాస్మృతి 647(బి) సెక్షను డబ్బుకు లైంగిక చర్యలో పాల్గొనడాన్నే కాక, అందుకు ఒప్పుకోవడాన్నీ, అసలు ఎదుటివారిని అడగడాన్నీ నేరమంటుంది. ఈ మూడోది మాటతోనే ముగిసే నేరం; అవతలి మనిషి కాదని వెళ్లిపోయినా అది చెరిగిపోదు. పైగా డబ్బు తీసుకునేవారు అడిగినా, ఇచ్చేవారు అడిగినా నేరమే.

అందుకే మన పత్రికల్లో స్థిరపడిన 'విటులను ఆకర్షించడం' ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది నేరమంతా స్త్రీ మీదికే నెడుతుంది. ఆ పలుకుబడి వ్యభిచారానికి సంబంధించిన మన దేశపు 1956 నాటి చట్టం నీడలో పుట్టిందేమోనని నా అనుమానం. దాని 8వ సెక్షను మాటలను, సైగలనే కాదు, కిటికీ పక్కనో బాల్కనీలోనో కూర్చుని ఒళ్లు కనబడనివ్వడాన్ని కూడా పేర్కొంటుంది. మొదటిసారి దొరికిన స్త్రీకి 6 నెలల దాకా జైలు ఉంటే, అదే పని చేసిన పురుషుడికి గరిష్ఠం 3 నెలలే. ఇక్కడ కొందరు సూచించిన 'బేరమాడటం' వినడానికి బాగుంది గానీ, బేరానికి ఇద్దరూ దిగాలి. 'ప్రలోభపెట్టడం' అంటే వినేవారు అమాయకులని ముందే తేల్చేసినట్టే. నా మట్టుకు 'డబ్బుకు లైంగిక సంబంధం కోరడం' అన్నదే నిజాయితీగల అనువాదం.

ఈ పట్టింపు చాదస్తం కాదు. కాలిఫోర్నియా 647(బి) సెక్షను రాజ్యాంగ విరుద్ధమని 2015లో ఒక సంస్థ, ఆ వృత్తిలో గతంలో ఉన్న ముగ్గురు, వారి సేవలు కోరుకున్న ఒక వ్యక్తి కలిసి ఫెడరల్ కోర్టుకు వెళ్లినప్పుడు, వారి వాదనల్లో ఒకటి వాక్ స్వాతంత్ర్యానిదే. అడగడం మాటే కదా, మాటను ఎలా శిక్షిస్తారన్నది వారి ప్రశ్న. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2018 జనవరిలో దాన్ని తోసిపుచ్చింది: చట్టవిరుద్ధమైన లావాదేవీకి పిలిచే వ్యాపారపరమైన మాటకు రాజ్యాంగ రక్షణ లేదంది. అంటే చర్య నేరంగా ఉన్నంతకాలం దాన్ని కోరే మాటకూ రక్ష లేదు. కాబట్టి అసలు పోరాటం చర్య దగ్గరే తేలాలి. అక్కడ వారు లారెన్స్ వర్సెస్ టెక్సస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2003లో ఇచ్చిన తీర్పును ఆశ్రయించారు. పెద్దల ఏకాంత సాన్నిహిత్యాన్ని కాపాడిన ఆ తీర్పే, తన ముందున్న కేసులో బహిరంగ ప్రవర్తన గానీ వ్యభిచారం గానీ ఇమిడి లేవని ఒక చిన్న వాక్యం రాసిపెట్టింది. ఆ వాక్యం వారికి అడ్డం తిరిగింది. మనుషుల అక్రమ రవాణాను, స్త్రీలపై హింసను తగ్గించాలన్న రాష్ట్ర ఉద్దేశం ఈ నిషేధానికి సరిపోయే కారణమేనని తొమ్మిదో సర్క్యూట్ కోర్టు తేల్చింది. అంత బరువైన ప్రశ్నను మరో కేసులోని ఆ ఒక్క వాక్యం మీద అంతగా ఆనించడం నాకు సమంజసంగా తోచలేదు.

ఆ వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు 'వ్యభిచారం' అని ఊరుకుంటే చిక్కే, ఎందుకంటే మనకు ఆ మాట వివాహేతర సంబంధానికీ చెల్లుతుంది. 'డబ్బుకు' అన్న ముక్క తప్పక చేర్చాలి.

ఇదే సందర్భంలో ఎదురయ్యే మరో చట్టపు మాట 'లాయిటరింగ్'కు మాత్రం మనకు 'తచ్చాడటం' అనే చక్కటి మాట సిద్ధంగా ఉంది. డబ్బుకు లైంగిక సంబంధం ఉద్దేశంతో తచ్చాడటాన్ని నేరంగా చూసిన సెక్షనును కాలిఫోర్నియా 2023 జనవరి 1 నుంచి ఎత్తివేసింది. కోరడం మాత్రం నేరంగానే మిగిలింది కనుక, అనువదించేవారు ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేయకూడదు.