12×14 గదికి రెండడుగుల టైల్స్: 11 బాక్సులా, 15 బాక్సులా?

కొత్తగచ్చు అడిగారు:
పాత గచ్చు తవ్వకుండా పైనే టైల్స్ వేయిస్తున్నాం. గది 12×14 అడుగులు, మూడడుగుల తలుపు ఒకటి. తీసుకునేది రెండడుగుల విట్రిఫైడ్ టైలు, బాక్సుకు నాలుగు. 168 చదరపు అడుగులకి బాక్సుకు 16 చొప్పున 11 బాక్సులని కొటేషన్ ఇచ్చారు. మేస్త్రి మాత్రం 15 కావాలంటున్నారు. నాలుగు బాక్సుల తేడా ఎలా వస్తుంది? పక్కనున్న బాత్రూమ్‌కి గోడ టైల్స్‌తో పాటు కమోడ్, కన్సీల్డ్ డైవర్టర్ (గోడలో దాగి ఉండి నీటిని షవర్‌కో, కుళాయికో మళ్లించేది) కూడా ఇదే ఆర్డర్‌లో కలిపేయమంటున్నారు. కలపొచ్చా?

మూలమట్టం:
మేస్త్రి చెప్పిందే సరైనదండి. కొటేషన్‌లో చిన్న తప్పొకటి, పెద్ద తప్పొకటి ఉన్నాయి.

చిన్నది: రెండడుగుల టైలు అని పిలుస్తాం గానీ అది 600 మి.మీ. మాత్రమే. రెండడుగులంటే 609.6. అందుకే బాక్సుకు వచ్చేది 16 కాదు, 15.5 చదరపు అడుగులు.

పెద్దది: విస్తీర్ణం చూశారు, టైల్స్ పరిచే తీరు చూడలేదు. 12 అడుగులంటే 3658 మి.మీ. టైలూ, టైల్స్ మధ్య సందు కోసం పెట్టే 2 మి.మీ. స్పేసరూ కలిపి 602. ఆరు టైల్స్ పరిచాక 46 మి.మీ. మిగులుతుంది. 14 అడుగుల వైపు ఏడు పరిచాక 53 మిగులుతుంది. అంటే రెండు గోడల వెంట మూడు వేళ్ల వెడల్పు పట్టీ. అంత సన్నటి ముక్క కోస్తుంటేనే విరుగుతుంది. పైగా గోడ కాస్త వంకరగా ఉంటే ఆ పట్టీ ఒక కొసన 46, రెండో కొసన 30 అవుతుంది. గదిలోకి అడుగు పెట్టగానే కన్ను అక్కడికే పోతుంది.

పని తెలిసిన మేస్త్రి ఏం చేస్తాడంటే, ఒక నిండు వరస తీసేసి ఆ జాగాని మిగులుతో కలిపి రెండు గోడలకీ సమంగా పంచుతాడు. అప్పుడు అంచు ముక్క సుమారు 325 మి.మీ. వస్తుంది. 600లోంచి 325 కోస్తే మిగిలే 275 ఎదుటి గోడకి చాలదు. కాబట్టి ప్రతి అంచు ముక్కా ఒక టైలుని మింగేస్తుంది. 7 వరసలు (5 నిండువి, 2 అంచువి) × వరసకి 8 (6 నిండువి, 2 అంచువి) = 56 టైల్స్, అంటే 14 బాక్సులు. విరుగుళ్లకీ, రేపు ఒక టైలు మార్చాల్సి వస్తే దాచుకోడానికీ ఇంకొకటి. మీ 15 అదే.

స్కర్టింగ్‌కి (గోడ అడుగున వేసే టైలు పట్టీకి) విడిగా తెప్పించకండి. నాలుగు గోడల వెంట కోతపడే 26 టైల్స్‌లో ఒక్కోదాని మిగులులోంచి ఫ్యాక్టరీ అంచు (కోయని అంచు) ఉన్న 100 మి.మీ. పట్టీ ఒకటి వస్తుంది. మొత్తం 15.6 మీటర్లు. మీకు కావలసింది తలుపు పోగా 49 అడుగులు, దాదాపు 15 మీటర్లు. బొటాబొటి. ఇంకో పట్టీ కూడా తీయొచ్చు గానీ దానికి రెండు వైపులా కోసిన అంచే ఉంటుంది, పైకి కనబడే అంచుని నున్నగా రుద్దాలి.

14 అడుగుల గోడ పొడవునా కప్‌బోర్డు వచ్చేట్టయితే ఆ వైపు 46 మి.మీ. పట్టీని దాని కిందకి తోసేయండి. అప్పుడు 6 వరసలు × 8 = 48 టైల్స్, అంటే 12 బాక్సులు, విడిగా ఒకటి కలిపి 13 బాక్సులతో గట్టెక్కుతారు.

ఇదంతా గది నిజంగా 12×14 అయితేనే. ఒక్కో వైపూ మూడు చోట్ల కొలవండి. తర్వాత మూల నుంచి మూలకి టేపు లాగండి: రెండు కర్ణాలూ 18 అడుగుల 5¼ అంగుళాలు రావాలి. తేడా వస్తే గది మూలమట్టంగా లేనట్టు, లెక్క మళ్లీ మొదటికి.

జిగురుసంచి:
పైవారి లెక్కకి ఒక చేర్పు. 15 బాక్సుల మీదా షేడ్ నంబరు, సైజు గ్రూపు ఒకటే ఉండాలి. బండి దింపుతుండగానే చూడండి, సంతకం పెట్టాక కాదు. షేడ్ తేడా ఎండ పడితే గానీ తెలియదు. సైజులో ఒక్క మి.మీ. తేడా ఉన్నా ఆరో వరసకల్లా జాయింట్ పక్కకి జరిగిపోతుంది.

విట్రిఫైడ్ టైలు నీటిని దాదాపు పీల్చదు (0.5 శాతం లోపే), అందుకని సిమెంటు పాలతో అంటదు. సంచి మీద పాత టైల్స్ పైన వాడొచ్చని రాసి ఉన్న అడ్హెసివ్ కావాలి. 20 కిలోల సంచి 3 మి.మీ. మందంలో సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది, అంటే 4 సంచులు. గచ్చు ఎగుడుదిగుడుగా ఉండి మందం 6 అయిందా, 7 సంచులు. అందుకే ముందు రెండు మీటర్ల తిన్నని బద్ద వేసి గచ్చు ఎంత సమంగా ఉందో చూసుకుని, ఆ తర్వాత సంచులు చెప్పండి. తయారీ తేదీ కూడా చూడండి, పాతబడ్డ సంచిలో గడ్డలుంటాయి.

గచ్చు 13-15 మి.మీ. లేస్తుంది, తలుపు కింద కోయాలి.

తూముగొట్టం:
బాత్రూమ్ సామాను రెండుగా విడదీయండి. డైవర్టర్ లోపలి బాడీ ఇప్పుడే కావాలి, టైల్స్‌కి ముందే గోడలో కూర్చోవాలి కాబట్టి. దాని మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి. టైలు ముఖం ఆ రెండింటి మధ్య పడాలి. లోతుగా పెడితే హ్యాండిల్ అందదు, పైకి పెడితే ప్లేటు గోడకి ఆనదు. పైన కనబడే ప్లేటు అదే కంపెనీ, అదే మోడల్‌ది తీసుకోండి, వేరేది సరిపోదు.

కమోడ్ మాత్రం గోడ టైల్స్ అయ్యాకే. కింద పైపు ఉన్న రకమైతే గోడ నుంచి పైపు నడిమధ్యకి కొలత కావాలి. ఇవాళ ప్లాస్టరు నుంచి 225 మి.మీ. వచ్చిందనుకోండి, టైలూ జిగురూ 15 తింటాయి, మిగిలేది 210. 225 కమోడ్ తెచ్చుకుంటే ట్యాంకు గోడకి తగిలి కూర్చోదు.

కొత్తగచ్చు:
కర్ణాలు కొలిచాను. ఒకటి 18-5¼, రెండోది 18-7. ఇప్పుడు?

మూలమట్టం:
దాదాపు రెండంగుళాల తేడా. గోడలు పట్టుకుని పరిస్తే అంచులు కోసుగా వస్తాయి. తలుపులోంచి నేరుగా కనబడే గోడకి సమాంతరంగా దారం కట్టించి, గది మధ్య నుంచి మొదలు పెట్టించండి. 325 ముక్క ఒక కొసన 310, ఇంకో కొసన 340 అయినా ఎవరికీ తెలియదు. బాక్సులు 15 చాలు. విప్పని బాక్సు వెనక్కి తీసుకుంటామని మాత్రం బిల్లు మీదే రాయించుకోండి.