కేరళలో మరణాల రేటు బీహార్ కంటే ఎక్కువగా ఎందుకుంది?

ప్రశ్న:
నమూనా నమోదు వ్యవస్థ (ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాలను నమోదు చేసి రేట్లను అంచనా వేసే ప్రభుత్వ సర్వే) 2019 లెక్కల్లో వెయ్యి జనాభాకు మరణాలు కేరళలో 7.1, బీహార్‌లో 5.5 అని ఉంది. అదే ఏడాది వెయ్యి జననాలకు శిశుమరణాలు కేరళలో 6 కాగా, బీహార్‌లో 29. పసిపిల్లలను అంత బాగా కాపాడుకుంటున్న రాష్ట్రంలో మొత్తం మరణాలు ఎక్కువ ఎలా అవుతాయి? పోటీ పరీక్షలకు చదువుతున్న నాకు ఈ రెండు అంకెలు పొసగడం లేదు. పెద్దలు వివరించగలరు.

మొదటి జవాబు:
రెండు అంకెలూ నిజమే. 2011 జనగణన నాటికి అరవై దాటినవారు కేరళ జనాభాలో 12.6 శాతం, బీహార్‌లో 7.4 శాతం. వృద్ధులు ఎక్కువగా ఉన్నచోట, ఏ వయసువారికి ఆ వయసులో ముప్పు తక్కువే అయినా, మొత్తం మీద మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆయుర్దాయం చూడండి: కేరళలో సుమారు 75 ఏళ్లు, బీహార్‌లో సుమారు 69. రాష్ట్రాలను పోల్చాలంటే వయసులవారీ రేట్లను ఒకే ప్రామాణిక జనాభాకు వర్తింపజేసి, అంటే రెండుచోట్లా పిల్లలు, పెద్దలు, వృద్ధుల వాటా ఒకేలా ఉందనుకుని లెక్కగట్టి చూడాలి.

రెండో జవాబు:
పై వివరణకు మరణ కారణాలను కూడా జోడించాలి. 1911–21 దశాబ్దంలో దేశంలో వెయ్యికి నలభైకి పైగా చనిపోయేవారు. ప్లేగు, కలరా, మలేరియాలకు తోడు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కోటి మందికి పైగా పొట్టన పెట్టుకోవడంతో 1921లో జనాభా అంతకుముందు లెక్క కంటే తగ్గింది. ఆ తర్వాత క్షామాలు అరుదై, 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, 1975లో మశూచి అంతరించి, టీకాలు విస్తరించాక బాల్యం దాటేవారు పెరిగారు. అలా బతికి బట్టకట్టినవారే ఇప్పుడు గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్ వచ్చే వయసుకు చేరుతున్నారు. దేశం మొత్తం మరణాల్లో అంటువ్యాధులు కాని జబ్బుల వాటా 1990లో 37.9 శాతం ఉండగా 2016 నాటికి 61.8 శాతానికి చేరింది. కేరళ ఈ దారిలో ముందు నడిచింది. అయితే వృద్ధాప్యమే అంతటికీ కారణమని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. నలభైల్లో, యాభైల్లో రక్తపోటు, మధుమేహాల వల్ల పోతున్న ప్రాణాల్లో చాలావాటిని ఆపవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పాత లెక్కల్లోని కారణాలను ఎంతవరకు నమ్మవచ్చు?

మూడో జవాబు:
జాగ్రత్తగా చదవాలి. బ్రిటిష్ కాలపు ఊళ్లలో చావును రాయించింది వైద్యుడు కాదు, గ్రామాధికారో కావలివాడో. కలరా, మశూచి గుర్తుపట్టడం తేలిక కాబట్టి ఆ అంకెలు కొంత నయం. ‘జ్వరాలు’ అన్న పద్దులో మాత్రం మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, 1918లో ఇన్‌ఫ్లుయెంజా అన్నీ కలిసిపోయాయి. 2020లో కూడా నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు కంటే తక్కువే. ఇంట్లో పోయినవారి విషయంలో కుటుంబ సభ్యులను లక్షణాలు అడిగి, వాటిని బట్టి వైద్యులు కారణాన్ని నిర్ణయించే పద్ధతి ఈ లోటును కొంతవరకు తీరుస్తోంది.