మన్‌హట్టన్‌లో డిన్నర్, వైన్ బిల్లు: మీ అనుభవాలు చెప్పండి

జెర్సీ_గోదావరి:
అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. వచ్చే నెల మా అత్తయ్యగారు, మామయ్యగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. మా పెళ్లిరోజు కూడా అప్పుడే. మొత్తం ఆరుగురం కలిసి మన్‌హట్టన్‌లో ఒక మంచి రెస్టారెంట్‌కి వెళ్దామనుకుంటున్నాం. తిండి ధరలు ముందే చూసుకున్నాం, వాటితో పేచీ లేదు. వైన్ లిస్టు చూసేసరికి మాత్రం గుండె గుభేలుమంది. ఇంటి దగ్గర షాపులో 18 డాలర్లకు కొనే సీసా అక్కడ 64. గ్లాసు అయితే 17. మామయ్యగారికి రెడ్ వైన్ ఇష్టం. ఆయన ముందు ధర చూసి వెనకాడటం నాకిష్టం లేదు. అలాగని వైన్‌కే మూడు వందలు పెట్టలేం. సిటీలో తరచూ తినేవాళ్లు ఏం చేస్తున్నారు? సీసా మనమే తీసుకెళ్లొచ్చా?

పాత్_ట్రైన్:
ముందు లెక్క చెప్తానండీ, ఆ తర్వాత నిర్ణయం మీకే తేలికవుతుంది.

షాపులో 20 డాలర్లకు అమ్మే సీసా రెస్టారెంట్‌కి హోల్‌సేల్‌లో సుమారు 13, 14 డాలర్లకు పడుతుంది. దాన్ని 50 నుంచి 60కి అమ్ముతారు. 60 అనుకుందాం. న్యూయార్క్ సిటీలో అమ్మకపు పన్ను 8.875 శాతం, అంటే 5 డాలర్ల 33 సెంట్లు. టిప్ 20 శాతం అంటే ఇంకో 12. చేతి నుంచి పోయేది 77 పైచిలుకు. అందుకే లిస్టులో ఏ అంకె కనిపించినా దాని మీద ఇంకో 29 శాతం వేసుకునే నేను చదువుతాను.

ఇక గ్లాసా, సీసానా అన్నది. సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకు 150 పోస్తే ఐదు గ్లాసులు. గ్లాసు 16 చొప్పున ఐదింటికి 80 అవుతుంది, అదే వైన్ సీసాగా తీసుకుంటే చాలా చోట్ల 60, 64. నలుగురు ఒకే రకం తాగేట్టుంటే గ్లాసుల జోలికి వెళ్లొద్దు. తాగేది ఇద్దరే, చెరో గ్లాసు చాలనుకుంటే గ్లాసే మేలు.

లెక్సింగ్టన్_వంటిల్లు:
నేను కొన్నేళ్లు మన్‌హట్టన్‌లో ఒక రెస్టారెంట్‌లో మేనేజర్‌గా చేశాను. అవతలి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో రెస్టారెంట్లు దోచుకుంటున్నాయని మనవాళ్లు అనడం చాలాసార్లు విన్నాను.

తిండి మీద మిగిలేది చాలా తక్కువ. మాంసం, కూరగాయలు, వంటవాళ్ల జీతాలు, అద్దె పోగా ప్లేటు మీద చేతికొచ్చేది కొద్దే. ఆ లోటును మద్యం పూడుస్తుంది. పైగా మేం షాపుకి వెళ్లి చవగ్గా కొనుక్కొచ్చి అమ్మడానికి వీల్లేదు. ఇక్కడి చట్టం ప్రకారం లైసెన్సున్న హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనాలి. లైసెన్సు ఖర్చు, బీమా, పగిలే గ్లాసులు, నెలల తరబడి అల్మారాలో నిద్రపోయే సీసాల మీద ఇరుక్కున్న డబ్బు, ఇవన్నీ ఆ 60లోనే ఉన్నాయి. యూరప్ వైన్ మీద సుంకాల గొడవ వేరే. 2019లో ఫ్రాన్స్, స్పెయిన్, జర్మనీ వైన్ల మీద 25 శాతం వేసి 2021లో ఆపారు. మళ్లీ 2025లో మొదట 10 శాతం, ఆగస్టు నుంచి 15 శాతం పడింది.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. అన్ని సీసాల మీదా ఒకే లాభం వేయరు. లిస్టులో అడుగున ఉన్నవాటి మీద మూడు, నాలుగు రెట్లు వేస్తారు. ఖరీదైనవాటి మీద రెండు రెట్లకు, కొన్ని చోట్ల ఇంకా తక్కువకు దిగుతారు. హోల్‌సేల్‌లో 100 పెట్టి కొన్నదాన్ని 400కి పెడితే ఎవరూ ముట్టుకోరు కదా. గ్లాసు వైన్ మీద అన్నిటికంటే ఎక్కువ. మొదటి గ్లాసు అమ్మేసరికే సీసా ఖర్చు వచ్చేయాలన్నది ఈ వ్యాపారంలో పాత సూత్రం. తెరిచిన సీసా రెండు మూడు రోజుల్లో పాడవుతుంది, ఆ నష్టం కూడా అందులోనే లెక్కేస్తారు.

అందరికీ తెలిసిన పేర్ల మీద కూడా బాగా వేస్తారు. కాలిఫోర్నియా నాపా కాబర్నే, ఫ్రాన్స్ సాన్సేర్ లాంటి వైన్లు అడక్కుండానే అమ్ముడుపోతాయి. పోర్చుగల్, గ్రీస్, దక్షిణ ఇటలీ వైన్లు అలా కాదు, సర్వర్ వాటి గురించి చెప్పి అమ్మాలి. అందుకే వాటి ధర కాస్త దయగా ఉంటుంది. మీ మామయ్యగారికి రెడ్ అన్నారు కాబట్టి పోర్చుగల్ డౌరో రెడ్ ఉందేమో చూడండి.

క్వీన్స్_కోనసీమ:
అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధర పైకి చెప్పకుండా సొమెలియేని, అంటే రెస్టారెంట్‌లో వైన్ ఎంచిపెట్టే మనిషిని, అడిగే పద్ధతి ఏమైనా ఉందా? పెద్దవాళ్ల ముందు "చవగ్గా ఏముంది" అని అడగాలంటే ఇబ్బంది.

లెక్సింగ్టన్_వంటిల్లు:
ఉంది. లిస్టు ఆయన వైపు తిప్పి, మీరు పెట్టగలిగిన ధర మీద వేలు పెట్టి "ఇలాంటిది కావాలి" అనండి. సొమెలియేకి వెంటనే అర్థమవుతుంది, బల్ల దగ్గర ఇంకెవరికీ తెలియదు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమందికి వైన్ అంటే నిజంగా ప్రేమ. 55 డాలర్లలో మంచిది వెతికి ఇవ్వడం వాళ్లకీ సంతోషమే.

హడ్సన్_పిల్ల:
సీసా తీసుకెళ్లడం గురించి. న్యూయార్క్‌లో లైసెన్సున్న చాలా రెస్టారెంట్లు ఒప్పుకుంటాయి, కానీ కార్కేజ్, అంటే మన సీసా అక్కడ తెరిచి తాగినందుకు రుసుము, తీసుకుంటాయి. నేను చూసినంతలో సీసాకి 25 నుంచి 50 డాలర్లు, ఖరీదైన చోట్ల ఇంకా ఎక్కువ. కొన్ని చోట్ల అసలు ఒప్పుకోరు. కాబట్టి టేబుల్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో అడగాలి.

18 డాలర్ల సీసాకి 40 కార్కేజ్ కడితే మిగిలేదేమీ లేదు. ఇంట్లో దాచుకున్న మంచి సీసా ఉంటేనే దాని వల్ల లాభం. వాళ్ల లిస్టులో ఉన్న వైన్‌నే మనం పట్టుకెళ్లడం మర్యాద కాదు, ముందే వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. వాళ్ల దగ్గర ఒక సీసా కొంటే మన సీసాకి కార్కేజ్ వదిలేసే చోట్లూ ఉన్నాయి. అది కూడా ఫోన్‌లోనే అడగండి.

ఓక్‌ట్రీ_మావయ్య:
అమ్మా గోదావరీ, న్యూజెర్సీలో ఉంటూ వైన్ కోసం సిటీకి వెళ్లడం ఎందుకు? మనకున్న సదుపాయం న్యూయార్క్ వాళ్లకి లేదు.

ఈ రాష్ట్రంలో రెస్టారెంట్లకిచ్చే మద్యం లైసెన్సులు ఊరి జనాభాని బట్టి ఉంటాయి, మూడు వేల మందికి ఒకటి. అందువల్ల ఉన్న లైసెన్సులకి విపరీతమైన గిరాకీ. చేతులు మారేటప్పుడు లక్షల డాలర్లు పలుకుతాయి. చిన్న రెస్టారెంట్ ఎక్కడ కొనగలదు? అందుకే ఓక్ ట్రీ రోడ్డు మీదా, చుట్టుపక్కల ఊళ్లలోనూ మన రెస్టారెంట్లలో చాలావాటికి లైసెన్సు లేదు. కానీ ఊరి నిబంధన అడ్డురాకపోతే, లైసెన్సు లేని చోటికి మన వైన్, మన బీరు మనం తెచ్చుకోవచ్చు. దానికి కార్కేజ్ తీసుకోవడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. గ్లాసులు, ఐసు వాళ్లే ఇస్తారు. షాపులో 20 పెట్టి కొన్నది బల్ల మీద కూడా 20కే పడుతుంది.

రెండు జాగ్రత్తలు. తెచ్చుకోగలిగేది వైన్, బీరు మాత్రమే. విస్కీ, రమ్ము, వోడ్కా కుదరవు. పెద్ద గ్రూపులు వచ్చినప్పుడు విస్కీని నీళ్ల సీసాలో కలిపి తేవడం నేను కళ్లారా చూశాను. దయచేసి ఎవరూ చేయొద్దు. పట్టుబడితే చిక్కుల్లో పడేది ఆ రెస్టారెంట్ నడుపుకునే కుటుంబం. రెండోది, వైన్ బిల్లులో లేదు కదా అని టిప్ తగ్గించొద్దు. సీసా తెరిచి, గ్లాసులు కడిగి, రెండు గంటలు మనల్ని చూసుకున్నది వాళ్లే కదా.

జెర్సీ_గోదావరి:
బాబాయ్ గారూ, మీరన్నది నిజమే, ఇక్కడైతే మేం తరచూ అలాగే తింటాం. కానీ అత్తయ్యగారికి సిటీ చూడాలని చాలా ఆశ. రాత్రి దీపాల్లో నడుచుకుంటూ వెళ్లి తినాలని ఉందట. అందుకే.

ఓక్‌ట్రీ_మావయ్య:
అయితే తప్పకుండా సిటీకే తీసుకెళ్లమ్మా. వాళ్లు ఉన్నన్నాళ్లూ మిగతా భోజనాలు ఇక్కడ పెట్టించు.

బ్రూక్లిన్_బెజవాడ:
టిప్ సంగతి వచ్చింది కాబట్టి ఒక సందేహం. 60 డాలర్ల సీసా తెరిచినా, 200 డాలర్ల సీసా తెరిచినా పని ఒక్కటే. మరి దాని మీద కూడా 20 శాతం ఎందుకు ఇవ్వాలి?

పాత్_ట్రైన్:
నేనైతే ఇస్తాను. 2025లో న్యూయార్క్ సిటీ కనీస వేతనం గంటకి 16.50. రెస్టారెంట్ సర్వర్‌కి యజమాని చేతి నుంచి అప్పుడు 11 ఇస్తే సరిపోయేది, మిగతా 5.50 టిప్పుల్లో రావాల్సి ఉండేది. ఆ టిప్పును కూడా గిన్నెలు తీసేవాళ్లు, బార్‌లో వాళ్లు పంచుకుంటారు. చట్టంలోనే అలా రాసి ఉన్నప్పుడు నా వంతు తగ్గించుకోవడానికి మనసొప్పదు. మరీ ఖరీదైన సీసా అయితే కొందరు వైన్‌కి వేరుగా, కాస్త తక్కువ లెక్కన ఇస్తారు. మీ ఇష్టం.

టిప్ పన్నుకు ముందున్న మొత్తం మీద వేసుకుంటే చాలు. బిల్లులో పన్ను అంకెని రెట్టింపు చేస్తే 17.75 శాతం వస్తుంది, దాని మీద ఇంకాస్త కలపండి. పెద్ద గ్రూపుకి టిప్ ముందే బిల్లులో వేసేసి ఉండొచ్చు. సంతకం పెట్టేముందు ఆ వరుస చదవండి.

గుంటూరు_టు_గ్రామర్సీ:
అందరూ ధర గురించే మాట్లాడుతున్నారు, ఏ తిండితో ఏ వైన్ అన్నది ఎవరూ ఎత్తలేదు. కారం తిండి అయితే ఖరీదైన రెడ్ వైన్ దండగ. వగరు ఎక్కువున్న కాబర్నే లాంటివి మిరపకాయ కారంతో కలిస్తే నోరు ఇంకా మండుతుంది. ఆల్కహాల్ శాతం పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది. గ్రీనిచ్ విలేజ్‌లో సెమ్మ అని తమిళ వంటల రెస్టారెంట్ ఉంది, మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. అలాంటి చోటికి వెళ్తే కాస్త తీపి తగిలే రీస్లింగ్ అనే వైట్ వైన్ అడగండి. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఫింగర్ లేక్స్ దగ్గర చాలా మంచి రీస్లింగ్ తయారవుతుంది, ధర కూడా మర్యాదగా ఉంటుంది. గోంగూర మాంసానికి నేను ఇంట్లో రోజే అనే గులాబీ రంగు వైన్ పోస్తాను. ఆ పులుపుకి అది చక్కగా నిలబడుతుంది. మామయ్యగారు రెడ్డే కావాలంటే గామే ద్రాక్షతో చేసే బోజొలే మంచిది, కాస్త చల్లగా ఇమ్మనండి.

హడ్సన్_పిల్ల:
ఇంకో విషయం అక్కా, పెద్దవాళ్ల పాస్‌పోర్టులు వెంట ఉంచుకోండి. తల నెరిసినవాళ్లని కూడా కొన్ని చోట్ల గుర్తింపు కార్డు అడుగుతారు. మా నాన్నగారు ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఒకచోట ఒప్పుకోలేదు. ఆయన చాలా చిన్నబోయారు.

కూర్చోగానే నీళ్లు ఏవి కావాలని అడుగుతారు. "స్టిల్" అన్నారంటే సీసా నీళ్లు వస్తాయి, తొమ్మిది పది డాలర్లు బిల్లులో పడుతుంది. ఆరుగురు కూర్చుంటే రెండు మూడు సీసాలు తెలియకుండానే అయిపోతాయి. "ట్యాప్ వాటర్" అని స్పష్టంగా చెప్పండి. సిటీలో కుళాయి నీళ్లు క్యాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వస్తాయి, రుచికి ఏ సీసాకీ తీసిపోవు. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో గ్లాసు వైన్ వస్తుంది.

హైదరాబాద్_నుంచి:
నేను జెర్సీలో ఉండి తిరిగొచ్చేశాను. మీ మామయ్యగారికి అక్కడి ధరలు మీరు భయపడేంత వింతగా ఉండకపోవచ్చండీ. మన దేశంలో దిగుమతి వైన్ మీద సుంకం చాలాకాలం 150 శాతం. ఆస్ట్రేలియా వైన్లకు 2022 డిసెంబరులో ఒప్పందం అమల్లోకి వచ్చాక కొంత తగ్గింది. దాని మీద రాష్ట్ర పన్నులు, ఆపైన స్టార్ హోటల్ లాభం కలిస్తే ఇక్కడా మామూలు ఫ్రెంచ్ సీసా ధర చూసి నోరు తెరవాల్సిందే. చాలామంది నాసిక్ వైన్లతో సరిపెట్టుకుంటాం, వాటిలో మంచివీ ఉన్నాయి. ఆయనకి ఇక్కడ దొరకనిది ఏదైనా రుచి చూపించండి, చాలా సంతోషిస్తారు.

క్వీన్స్_కోనసీమ:
సీసా మిగిలిపోతే వదిలేసి రావాలా? ఆరుగురిలో ముగ్గురే తాగితే రెండో సీసా సగం మిగిలేట్టుంది.

లెక్సింగ్టన్_వంటిల్లు:
వదిలేయక్కర్లేదు. న్యూయార్క్ చట్టం ప్రకారం భోజనంతో పాటు కొన్న వైన్ మిగిలితే ఇంటికి తీసుకెళ్లొచ్చు. మళ్లీ బిరడా బిగించి, సంచిలో పెట్టి సీలు వేసి, రసీదు జత చేసి ఇస్తారు. మీరే అడగాలి. కారులో వెళ్తుంటే దాన్ని డిక్కీలో పెట్టండి.

ఇంకొకటి. సీసా తెరిచే ముందు తెచ్చి చూపిస్తారు కదా, చాలామంది మొహమాటానికి తలూపేస్తారు. అప్పుడే లేబుల్ మీద పేరు, సంవత్సరం మీరు అడిగినవేనా అని చదవాలి. అడిగిన సంవత్సరం అయిపోయి వేరేది తెస్తే దాని ధర వేరుగా ఉండొచ్చు. ఒకసారి తెరిచాక వెనక్కి పంపడం కష్టం. పాడైన వాసన వస్తే తప్ప.

జెర్సీ_గోదావరి:
మా వారితో కూర్చుని చూశాను. సిటీలో డౌరో రెడ్ ఒక సీసా 58కి ఉన్న చోట టేబుల్ దొరికింది, శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి. అత్తయ్యగారు తాగరు, ఆవిడకి మద్యం లేని కాక్‌టెయిల్ చూశాం. అది 15 డాలర్లు! ఇవి కూడా ఇంత ఉంటాయా?

హడ్సన్_పిల్ల:
ఉంటాయక్కా, సిటీ అంతటా దాదాపు అదే ధర. ఆవిడకి తాజా నిమ్మకాయ సోడా ఉందేమో అడిగి చూడండి, లిస్టులో లేకపోయినా చాలా బార్లలో చేసిస్తారు.