కింశుకం: ఇది చిలుకా ఏమిటి?

"విద్యాహీనా న శోభంతే నిర్గంధా ఇవ కింశుకాః" (చదువు లేనివాళ్లు వాసన లేని కింశుకాల్లా శోభించరు) అన్న శ్లోకంలో కింశుకం అంటే ఏ పువ్వు, అందులో శుకం, అంటే చిలుక, ఎందుకొచ్చింది అని ఒకరు అడిగారు.

మన మోదుగ పువ్వేనండీ. కిం, శుకః అని విడదీసి "ఇది చిలుకా ఏమిటి?" అని అర్థం చెప్పడం పాతకాలం నుంచీ ఉంది. పండితుల చమత్కారంలా అనిపిస్తుంది గానీ, పువ్వును చేతిలో పెట్టుకుని చూడండి. రేకులు అయిదు. ఒకటి వెనక్కి విచ్చుకుంటుంది, పక్కన రెండు చిన్నవి, మిగిలిన రెండూ కలిసిపోయి కొక్కెంలా వంగి మొనదేలి ఉంటాయి. అచ్చం చిలక ముక్కే, రంగుతో సహా. అడుగున నల్లటి నూగుతో చిన్న గిన్నె. మాఘం చివర, ఫాల్గుణంలో ఆకు రాలిన కొమ్మల నిండా ఇవే.

అమరకోశం దీనికి "పలాశే కింశుకః పర్ణో వాతపోథః" అని నాలుగు పేర్లు చెప్పింది. పలాశం, పర్ణం రెండూ ఆకుకు పేర్లే. నిండుగా పూసినప్పుడు ఆకే కనిపించని చెట్టుకు ఆకు పేరేమిటని సందేహం రావచ్చు. మిగతా ఏడాదంతా మనిషికి దాని ఆకుతోనే కదా పని! మూడేసి చొప్పున వచ్చే వెడల్పాటి, దళసరి ఆకులు; పుల్లలతో కుడితే విస్తరి. పనిచేసుకునేవాళ్లు ఆకును చూశారు, కవులు పువ్వును చూశారు, చెట్టుకు రెండు పేర్లూ నిలిచాయని నా అభిప్రాయం.

ఇక వాసన లేదని శ్లోకం చిన్నచూపు చూడటం న్యాయమేనా అని ఇంకొకరు అడిగారు. సువాసన లేని మాట నిజమే. కానీ ఈ పువ్వుకు కావలసిన చుట్టాలు తేనెపిట్టలు, గోరింకలు. అవి వచ్చేది వాసనకు కాదు, రంగుకూ తేనెకూ. చదువు లేనివాడితో పోల్చేంత లోటు దీనికేమీ లేదు.

ఇతిహాసాలు దీన్ని ఇంకా బాగా వాడుకున్నాయి. నెత్తురోడుతూ ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు యోధులను "పుష్పితావివ కింశుకౌ" అంటాయి. ఇక్కడ కింశుకం పువ్వు కాదు, చెట్టు. "పూసిన రెండు మోదుగ చెట్లలా" అని రాయాలి. "మోదుగ పువ్వుల్లా" అని తెలుగు చేస్తే ఆ నిలబడ్డ మనుషులు కనిపించకుండా పోతారు.