‘స్ట్రెస్’ అని రాస్తే ప్రొఫెసర్ కంగారుపడ్డారు, ఏం తప్పు రాశాను?

అందరికీ నమస్కారం. డల్లాస్ వచ్చి నెలయింది, ఎం.ఎస్. మొదటి సెమిస్టర్. గడువు దాటకూడదని ప్రొఫెసర్ క్లాసులో గట్టిగా చెప్పారు. అది గుర్తుచేస్తూ మెయిల్‌లో ‘యూ స్ట్రెస్డ్ మీ అబౌట్ ద డెడ్‌లైన్’ అని రాశాను. ‘ఆర్ యూ ఓకే?’ అని జవాబొచ్చింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

—

తమ్ముడూ, ఆయనకు కోపం రాలేదు, నీకేమైందోనని అడిగారు. నువ్వు రాసినదానికి ‘గడువంటూ నన్ను టెన్షన్ పెట్టారు’ అని అర్థం వస్తుంది. ‘స్ట్రెస్’ పక్కన మనిషిని పెడితే ఒత్తిడి పెట్టడం, విషయాన్ని పెడితే నొక్కి చెప్పడం. ‘యూ స్ట్రెస్డ్ ద డెడ్‌లైన్’ అంటే సరిపోయేది. ఎవరితో చెప్పారో కూడా రాయాలంటే ‘టు మీ’ అని ఉండాలి. ఇదే మాట రెండు ముక్కల్లో ఆయనకు రాసెయ్యి, ఏమీ అనుకోరు.

మనవాళ్లు ఎక్కువగా రాసే ఇంకో తప్పు ‘ఎంఫసైజ్ ఆన్’. ‘ఎంఫసైజ్’ అన్నా నొక్కి చెప్పడమే. నేనూ చాలాకాలం అలాగే రాశాను. ‘ఎంఫసిస్’ అనే నామవాచకానికి ‘ఆన్’ కావాలి, ‘పుట్ ఎంఫసిస్ ఆన్ టెస్టింగ్’ అంటాం. క్రియకు మాత్రం వద్దు, ‘ఎంఫసైజ్ టెస్టింగ్’ చాలు. ‘స్ట్రెస్’ క్రియకూ ఇదే పద్ధతి. రెజ్యూమెలో ఉందేమో ఈరోజే చూసుకో.

—

అన్నయ్య రాయడం గురించి చెప్పారు, నేను మాట్లాడటం గురించి చెప్తాను. నాకు ఇక్కడ అసలు కష్టం అక్కడే వచ్చింది.

మనకు ఒక్క ‘ఏ’ చేరిస్తే పని అయిపోతుంది: నేనే పంపాను, నిన్ననే పంపాను. ఇంగ్లిష్‌లో ఆ పని చాలావరకు గొంతే చేస్తుంది. ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’లో ‘ఐ’ని ఒత్తి పలికితే నేనే పంపానని, ‘యెస్టర్‌డే’ని ఒత్తితే నిన్ననే పంపానని. మనం అన్ని మాటలూ ఒకే బరువుతో పలుకుతాం కాబట్టి వినేవాళ్లకు ఏది ముఖ్యమో తెలియదు. ఒక్క మాటలోనూ ఇంతే. ‘ప్రెజెంట్’లో మొదటి అక్షరం ఒత్తితే కానుక, రెండోది ఒత్తితే సమర్పించడం. ‘ఎంఫసిస్’లో బరువు ‘ఎం’ మీదే పడాలి.

—

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. మెయిల్ ఇప్పుడే పంపాను. మరి మా రూమ్మేట్ ‘ఐయామ్ స్ట్రెసింగ్’ అంటాడు, నొక్కి చెప్తున్నాననా?

—

కాదు, పరీక్ష గురించి కంగారుపడుతున్నాడేమో, పలకరించు. నీ మొదటి ప్రెజెంటేషన్‌కు ముందు శనివారం ఫోన్ చెయ్యి, ఒకసారి చదివి వినిపిద్దువు గాని.