సాయంత్రం రెండు గంటల సమయమే ఉంది: బ్లూగిల్ చేపలకు ఎక్కడికి వెళ్లాలి, ఏమి పట్టుకెళ్లాలి?

ప్రశ్న:
డాలస్‌లో ఉంటున్నాను. చిన్ననాటి స్నేహితుడు గుడివాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఊళ్లో ఇద్దరం కాలువ గట్టున గాలం వేసిన వాళ్లమే కానీ, ఇక్కడ నేను ఎప్పుడూ చేపలు పట్టలేదు. వచ్చే బుధవారం ఆఫీసు అయ్యాక బయలుదేరితే చీకటి పడేలోపు రెండు గంటలు దొరుకుతాయి. బ్లూగిల్ అయితే తేలిగ్గా పడుతుందని విన్నాను. అతనికి కూడా లైసెన్సు తీసుకోవాలా? ఎర ఏది? పడితే వండుకోవచ్చా?

సమాధానం:
లైసెన్సు సంగతి ముందు చెబుతాను, చాలామంది అక్కడే ఆగిపోతారు. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండిన వారికి లైసెన్సు ఉండాలి. బయటి నుంచి వచ్చిన వారికి దాని ధర కూడా ఎక్కువే. అయితే స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి గాలం వేస్తే ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. పడవ ఎక్కితే మాత్రం కావాలి. మీకు జో పూల్ సరస్సు ఒడ్డున సీడర్ హిల్ స్టేట్ పార్కు ఉంది. ప్రవేశ రుసుము ఉంటుంది, ముందుగా బుక్ చేసుకుని వెళ్లండి. కొన్ని పార్కుల్లో గాలపు కర్రలు ఉచితంగా అరువిస్తారు, ఫోను చేసి అడగండి.

జూన్‌లో డాలస్‌లో ఎనిమిదిన్నర దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. ఎండ మండుతున్నంతసేపు పెద్ద బ్లూగిల్‌లు కాస్త లోతున ఉంటాయి. పొద్దు వాలుతుంటే మేతకు ఒడ్డుకు వస్తాయి. కాబట్టి నీళ్లలోకి దూరంగా విసరనక్కర్లేదు. నాచు అంచున, పడిపోయిన చెట్టు పక్కన, చెక్క వంతెన నీడలో వేయండి. పది నిమిషాల్లో ఏదీ ముట్టకపోతే చోటు మార్చండి. ఎర మార్చడం కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

గాలం విషయంలో మాత్రం నా మాట తప్పక వినండి. బ్లూగిల్ నోరు చాలా చిన్నది. దుకాణంలో పెద్ద గాలాలు చూపిస్తారు, వద్దు. 8 లేదా 10 నంబరు గాలం, 4 పౌండ్ల బరువు తట్టుకునే నైలాన్ దారం, గాలానికి జానెడు పైన చిన్న సీసపు గుండు, ఆపైన వేలి కొస అంత బెండు చాలు. బెండు పెద్దదైతే చేపకు బరువు తెలిసి ఎర వదిలేస్తుంది. వానపామును మొత్తం గుచ్చకండి. అర అంగుళం ముక్క తుంచి, కొస వేలాడకుండా గుచ్చండి. వేలాడితే ఆ కొస కొరుక్కుని పోతుంది, మీకు ఖాళీ గాలం మిగులుతుంది.

బెండు బుడుంగున మునిగేదాకా ఎదురుచూడకండి. ముందు రెండుసార్లు వణుకుతుంది, తరువాత పక్కకు జరుగుతూ పోతుంది. అలా జరుగుతున్నప్పుడే మణికట్టుతో మెల్లగా ఎత్తాలి. గట్టిగా లాగితే ఆ పలుచని పెదవి చిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండీ. పడింది బ్లూగిలే అని ఎలా పోల్చుకోవాలి? ముళ్లుంటాయా?

సమాధానం:
మొప్ప మూత చివర నల్లటి మచ్చ, వీపు రెక్క వెనుక కొసన మరో నల్లని మరక ఉంటే బ్లూగిలే. వీపు ముళ్లు గట్టిగా గుచ్చుకుంటాయి. చేతిని తడుపుకుని తల వైపు నుంచి వెనక్కి నిమురుతూ పట్టుకోండి, ముళ్లు అణిగిపోతాయి. తడి చెయ్యి అయితే చేప ఒంటి మీద జిగురు పొర కూడా చెడదు, వదిలేసినా బతుకుతుంది. గాలం గొంతులోకి దిగితే పీకకండి, దారాన్ని దగ్గరగా కత్తిరించి వదలండి.

మరొకరి సమాధానం:
ఒక్క విషయం జతచేస్తాను. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలో, అడుగున పళ్లెమంత గుంటలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తే అవి బ్లూగిల్ గూళ్లు. మగ చేప తోకతో ఇసుక ఊడ్చి చేస్తుంది, గుడ్లకు అదే కాపలా ఉంటుంది. అక్కడ గాలం వేస్తే చేప వెంటనే పడుతుంది. టెక్సాస్‌లో బ్లూగిల్‌కు సంఖ్య పరిమితి లేదు కనుక ఎన్నయినా తీసుకోవచ్చని కొందరు బకెట్లు నింపుతారు. దయచేసి అలా చేయకండి. కాపలా చేప పోతే మిగతా చేపలు ఆ గుడ్లను తినేస్తాయి. గూళ్ల మీద పట్టిన పెద్ద మగ చేపలను వదిలేసి, కూరకు మధ్యరకం ఏరుకోండి.

వండుకోవడానికి అరచేయంత చేప చాలు. ఈ ఎండకు ఐసు పెట్టె తప్పనిసరి, చచ్చిన చేపను బకెట్టు నీళ్లలో ఉంచితే ఇంటికి చేరేసరికి మెత్తబడుతుంది. చెంచాతో తోక నుంచి తల వైపు గీకితే పొలుసు ఊడి వస్తుంది. తల, పేగులు తీసి రెండు వైపులా గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేపండి. పులుసు పెట్టకండి, సన్న ముళ్లు విడిపోయి ఏరుకోలేక ఇబ్బంది పడతారు. పిల్లలకు పెట్టేటప్పుడు వెన్నుముల్లుకు రెండు వైపులా కండ తీసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అలాగేనండీ. బుధవారానికి పార్కు బుక్ చేశాను. గాలపు కర్రలు అరువిస్తారేమో రేపు ఫోను చేసి అడుగుతాను.