గింజ వేయాలా, దుంప తేవాలా? కోరాపుట్ కొండల్లో హిమాలయ ఐరిస్ గురించి

గుణుపురం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఉత్తరాఖండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య తన పెరట్లో కాసిన ఐరిస్ డెకోరా అనే పూలమొక్క కాయలు ఎండబెట్టి, సుమారు నలభై గింజలు పొట్లం కట్టి పంపాడు. హిమాలయాల్లో పుట్టిన ఈ మొక్క మన వైపు గింజ నుంచి మొలిచి బతుకుతుందా, లేక దుంప తెప్పించుకోవడమే మేలా అన్నది నా సందేహం. గుణుపురంలో ఎండ మీకు తెలిసిందే. కోరాపుట్ కొండల్లో, పొట్టంగి దగ్గర మా మేనమామ గారి తోట ఉంది కాబట్టి అక్కడైనా వేయగలను.

రాయగడ మొక్కలవాడు:
బాబూ, పద్దెనిమిదేళ్లుగా మొక్కల వ్యాపారంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, దుంపే తెప్పించుకోండి. ఐరిస్ మన పసుపు, అల్లం లాగే భూమిలో దుంప ఊరి, పిలకలు వేసి వ్యాపించే మొక్క. పసుపును గింజ వేసి పండించేవాణ్ణి మీరు ఎక్కడైనా చూశారా? గింజ వేస్తే మొలకెత్తేది ఎప్పుడో తెలియదు, మొలిచినా పువ్వు చూడడానికి మూడేళ్లు పడుతుంది.

జయపురం మాస్టారు:
పసుపు పోలిక ఇక్కడ కుదరదు. సాగులో ఉన్న పసుపు, మామూలు రెండు సెట్లకు బదులు మూడు సెట్ల క్రోమోజోములున్న వంధ్య మొక్క, సాధారణంగా గింజ కట్టదు కాబట్టే కొమ్ములు పాతుకుంటున్నాం. అడవి ఐరిస్ మాత్రం ఏటేటా కాయ కాసి, గింజ రాల్చి, ఆ గింజతోనే కొత్త చోటికి పాకుతుంది. ఐరిస్ మిలేసి అనే హిమాలయ జాతికి ఆ పేరు వచ్చిందే కులూ ప్రాంతం నుంచి బంధువు పంపిన గింజలను ఇంగ్లండులో మొలిపించిన ఫ్రాంక్ మైల్స్ అనే చిత్రకారుడి వల్ల. ఆ మొక్కను 1883లో శాస్త్రీయంగా వర్ణించారు. అప్పట్లో సముద్రం దాటి వెళ్లి మొలిచిన గింజ, ఇప్పుడు గుణుపురం నుంచి పొట్టంగి వెళ్లి మొలవదా?

రాయగడ మొక్కలవాడు:
చరిత్ర బాగుంది మాస్టారూ. తమరు స్వయంగా ఒక్క గింజైనా మొలిపించారా?

జయపురం మాస్టారు:
దాచడం ఎందుకు, లేదు. రెండేళ్ల కిందట మిలేసి గింజలు ముప్పై సంపాదించి, కాగితం పొట్లంలో ఆరు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి, జనవరిలో మట్టి కుండీలో వేశాను. పదకొండు నెలలు తడి ఆరకుండా చూశాను. ఒక్కటీ రాలేదు. విసిగి కుండీ మట్టి పారబోశాను. అయినా నా వైఫల్యం నా చేతిదే గాని గింజది కాదంటాను.

సెమిలిగుడ పెరడు:
మాస్టారు గారూ, మీ గింజలకు అసలు చలి అందలేదండి. పొడి గింజను ఆరు నెలలు కాదు, ఆరేళ్లు ఫ్రిజ్‌లో ఉంచినా అది నిల్వ చేయడమే అవుతుంది. గింజ నీరు పీల్చుకుని లోపల ఉబ్బిన తరువాత తగిలిన చలే దాన్ని నిద్ర లేపుతుంది.

జయపురం మాస్టారు:
ఫ్రిజ్‌లో ఉన్నది చలి కాకపోతే మరేమిటమ్మా? ఉష్ణోగ్రత గింజ తడిని బట్టి మారదు కదా.

సెమిలిగుడ పెరడు:
ఉష్ణోగ్రత మారదు, గింజ మారుతుంది. నాన్చని మినుములు ఏ గదిలో పెట్టినా మొలకెత్తవు, ఇదీ అంతే.

నేను చేసిన పద్ధతి చెబుతాను, తప్పుంటే దిద్దండి. ఇరవై ఐదు మిలేసి గింజలను గ్లాసు నీళ్లలో ఐదు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాను. మొదటి రెండు రోజులు నీళ్లు పల్చటి టీ రంగులోకి వచ్చాయి, మొలకను ఆపే పదార్థాలు కొంతైనా అలా కడిగిపోతాయని అంటారు. తరువాత కడిగిన ఇసుకను, పిండితే చుక్క రాలనంత తడిగా, జిప్ సంచిలో పోసి గింజలు కలిపి ఫ్రిజ్ కింది అరలో, కూరగాయల పక్కన పెట్టాను. మా అత్తగారు ఒకసారి దాన్ని ఉప్పు అనుకుని తీశారు కూడా. వారానికొకసారి వెలుతురులో పట్టుకుని చూస్తుంటే, తొమ్మిదో వారంలో ఒక గింజ మొన దగ్గర జీలకర్రంత తెల్లని వేరు కనిపించింది. ఏడు మొలిచాయి. మిగిలినవాటిని పారేయకుండా కుండీలో వేసి నీడన ఉంచితే, మరుసటి ఏడు చలికాలం దాటాక ఇంకో ఐదు వచ్చాయి. ఇప్పుడు ఆకులు విసనకర్రలా విచ్చి, జానెడు పొడవున్నాయి.

రాయగడ మొక్కలవాడు:
పువ్వో?

సెమిలిగుడ పెరడు:
ఇంకా పూయలేదు.

రాయగడ మొక్కలవాడు:
నేను చెప్పింది అదే.

పర్లాకిమిడి పాఠకుడు:
మా పెరట్లో నారింజ రంగు మీద ఎర్రని చుక్కలున్న ఐరిస్ ఉంది. కాయ విచ్చుకుంటే నల్లని గింజలు నేరేడు పళ్ల గుత్తిలా నిలబడతాయి. ఫ్రిజ్ ఏమీ లేకుండానే రాలిన గింజలు తొలకరికి మొలుస్తున్నాయి. ఆ మాటకొస్తే గింజ నుంచి ఐరిస్ మన వైపు రావడానికి అడ్డేమిటి?

రాయగడ మొక్కలవాడు:
అది ఐరిస్ కాదండీ, బెలంకాండా. లెపర్డ్ లిల్లీ అని నేనే అమ్ముతాను.

జయపురం మాస్టారు:
మీ నర్సరీలో పేరు మారకపోయినా, వృక్షశాస్త్రంలో మారింది. 2005 నుంచి అది ఐరిస్ డొమెస్టికా. 1753లో లిన్నేయస్ అంతటివాడు దానినే ఆర్కిడ్ అనుకుని ఎపిడెండ్రమ్ అని పేరు పెట్టాడు, డొమెస్టికా అన్న ముక్క అక్కడి నుంచి మిగిలిందే. కాబట్టి పాఠకుడు గారు చెప్పింది నిజమే.

సెమిలిగుడ పెరడు:
పేరు నిజమే గాని, ఆ ఉదాహరణ ఈ అబ్బాయికి పనికిరాదు. ఒక ఐరిస్‌కు చలి అక్కరలేదని అన్నిటికీ అక్కరలేదనుకోవడం, దుంప ఉంది కాబట్టి పసుపేననుకోవడం, రెండూ ఒకటే.

జయపురం మాస్టారు:
సరే, ఆ మాట ఒప్పుకున్నాను. కాని అసలు దుంపే కొనమని అంత పట్టుబట్టడం ఎందుకో మొక్కలవాడు గారు చెప్పాలి. నేను గింజ దాకా ఎందుకు వెళ్లానో చెబుతాను. మూడేళ్ల కిందట ఒక అమ్మకందారు దగ్గర, పేరు చెప్పను, ఆయన ఈ వేదికలో కూడా లేడు, అడవి ఐరిస్ దుంపలు నాలుగు కొన్నాను. పొట్లం విప్పితే వేళ్ల మధ్య నాచు, దేవదారు ఆకుల పొడి, ఒక దుంపకు అంటుకుని గడ్డి పిలక. తోటలో పెంచిన మొక్కకు అవన్నీ ఎందుకుంటాయి? ఏ కొండవాలు మీదో ఏళ్ల తరబడి ఒదిగి పెరిగిన దాన్ని గునపంతో పెకలించి నాకు పంపారు. నాలుగూ మొదటి ఆగస్టులోనే కుళ్లాయి. ఒకదాన్ని వేలితో నొక్కితే ఉడికిన కందగడ్డలా లోపలికి పోయింది. ఆ కొండ మీద ఆ నాలుగు మొక్కలు లేవు, నా దగ్గరా లేవు. దుంప కొనండి అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ వాసనే గుర్తుకొస్తుంది.

రాయగడ మొక్కలవాడు:
మాస్టారూ, ఇంత చుట్టు తిప్పి నన్ను దొంగ అనడం బాగులేదు. నేను అడవి దుంప ఒక్కటి కూడా అమ్మలేదు. దుంప అంటే పెంచిన మొక్క పిలకను విడదీసినది, పూత అయ్యాక కోసి, కోతకు బూడిద అద్ది, నీడన ఆరబెట్టినది అని నా అర్థం. గింజ గురించి నాకు తెలియదనుకోకండి. ఒక ఏడు రెండు ట్రేల నిండా ఐరిస్ మొలకలు లేపాను, ఆషాఢం ముసురులో నారుకుళ్లు వచ్చి నాలుగు రోజుల్లో సగం పోయాయి. మిగిలినవి రెండేళ్లు నీళ్లు పోసి సాకితే, గడ్డిపరకల్లా ఉన్న ఆ మొక్కను కొన్నవాడు లేడు. మీకు పింఛను వస్తుంది, కుండీని చూస్తూ మూడేళ్లు కూర్చోగలరు. నాకు నెల తిరిగేసరికి బ్యాంకు వాయిదా కట్టాలి. గింజ మంచిదా కాదా అన్నది కాదు, ఆ మూడేళ్లు ఎవరు భరించాలన్నదే అసలు సంగతి.

పర్లాకిమిడి పాఠకుడు:
ఇద్దరూ నిదానించండి.

జయపురం మాస్టారు:
మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు, అలా వినిపించి ఉంటే నా రాతలోనే లోపం. కాని ఒకటి అడుగుతాను. గింజ వ్యాపారానికి గిట్టదు అనడం వేరు, గింజతో కాదు అనడం వేరు. మీరు ఆ కుర్రాడికి రెండోది చెప్పారు.

రాయగడ మొక్కలవాడు:
అవును, అలాగే చెప్పాను. కొనుక్కునేవాళ్లకు చెప్పీ చెప్పీ నోటికి అదే అలవాటైంది.

సెమిలిగుడ పెరడు:
అబ్బాయి సంగతి అందరూ మరిచిపోయినట్టున్నారు. బాబూ, డెకోరా వానాకాలంలో పెరిగి పూసి, చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోయే మొక్క. జోర్డాన్ నల్ల ఐరిస్ వంటివైతే వేసవి అంతా ఎండుగా ఉండాలి, మన జూన్ వానలకే కుళ్లిపోతాయి. దీనికి ఆ భయం తక్కువ, దీని సొంత ఊళ్లోనూ రుతుపవనాలు ఉంటాయి. దీనికి పడనిది మీ గుణుపురం ఏప్రిల్ ఎండ. పొట్టంగిలోనే వేయండి, నీరు నిలవని వాలులో, మధ్యాహ్నం నీడ పడేచోట. నలభై గింజలనూ ఒకేసారి వేయకండి. ఇరవై ఇప్పుడు తడి ఇసుకలో ఫ్రిజ్‌లో పెట్టండి, ఇరవై పొడిగా దాచండి. మొలిచిన ట్రేలను తొలకరికి ముందే రేకు కిందికి మార్చండి, మొక్కలవాడు గారి ట్రేలకు జరిగింది మీకు జరగకూడదు.

గుణుపురం కుర్రాడు:
ధన్యవాదాలండి. ఈ రాత్రే నానబెడతాను. మొక్కలవాడు గారూ, మొలిస్తే రెండో ఏడు పిలకలు విడదీయడం మీ దగ్గర నేర్చుకోవచ్చా?

రాయగడ మొక్కలవాడు:
రెండో ఏడు తొందర పడకండి, ఒకసారి పూయనివ్వండి. అప్పుడు రండి, కత్తి నేనే ఇస్తాను.

సెమిలిగుడ పెరడు:
మాస్టారు గారూ, ఒక్క మాట. ఆ పారబోసిన కుండీ మట్టి ఎక్కడ పోశారు? నా గింజల్లో ఐదు రెండో ఏడే లేచాయి. జయపురం చలికి పెద్ద ఆశ పెట్టుకోవద్దు గాని, అడుగుతున్నాను.

జయపురం మాస్టారు:
కరివేపాకు చెట్టు మొదట్లో పోశానమ్మా. అక్కడ మా ఇంటావిడ నెలకోసారి తవ్వి పేడ వేస్తుంది. గడ్డి లాంటిది ఏది కనిపించినా పీకేసే అలవాటు కూడా ఉంది. తెల్లవారాక అడిగి చెబుతాను.